ఏడో నంబరు నమూనా

ఆ ఇల్లాలికి భర్త మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయనకి ఏదీ నచ్చదు. ఇంతకన్నా పెద్ద ఫిర్యాదులున్న ఆడవాళ్ళు లోకంలో బోలెడుమంది ఉన్నారని ఆవిడే ఒప్పుకుంటుంది. కాకపోతే తన ఒక్క ఫిర్యాదులోనే మిగతావన్నీ ఇమిడి ఉన్నాయని, మూత తీస్తే ఒకదాంట్లోంచి ఒకటి వస్తూనే ఉంటాయని అంటుంది.

ఆయన సబ్బుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. సబ్బుని తూచడం, వాసన చూడడం, వెలుతురుకెత్తి పట్టి ఒక కన్ను మూసి చూడడం, చూసి వెనక్కి పంపడం, ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని తిరుగుటపా గారంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలీదు గానీ, పెట్టినవాళ్ళకి క్వాలిటీ అంటే ఏమిటో తెలుసు.

ఇంట్లోనూ అదే ఉద్యోగం, జీతం లేకుండా. టీ తిరుగుటపా. ఇస్త్రీ చేసిన చొక్కా తిరుగుటపా. హాల్లో వేలాడే పెళ్ళి ఫొటోని పదిహేడేళ్ళుగా సరిచేస్తూనే ఉన్నారు. ఫొటో తిన్నగానే ఉంది, గోడే ఒరిగిందని ఈమధ్య తేల్చారు. గోడని ఎవరికి తిప్పి పంపాలో తెలీక ఊరుకున్నారు.

అలాంటి మనిషిని పట్టుకుని, మీకు నచ్చింది ఎంచుకోండి అన్నారు.

అన్నది మేనేజరమ్మ. ఫ్యాక్టరీకి కొత్త తూకం యంత్రం వస్తోంది. దానితో కంప్యూటరూ వస్తోంది. కాబట్టి క్వాలిటీ సెక్షన్‌లో ఉన్న నలుగురూ పన్నెండు వారాల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుని, సబ్బు బరువు చెబితే పాసో ఫెయిలో తేల్చే చిన్న ప్రోగ్రాము సొంతంగా రాసి చూపించాలి. రాసినవాళ్ళు ఇక్కడే ఉంటారు. రాయలేనివాళ్ళు ఎనిమిది గంటల రైలు దూరంలో ఉన్న గోడౌనుకి వెళ్ళాలి. ఇంత చెప్పి, చివర్లో "ఏ భాషలో రాసినా సరే, మీ ఇష్టం" అంది పాపం. మంచి మనసుతోనే అంది. ఆ ఒక్కమాటే కొంప ముంచింది.

ఆయన ఇంటికొచ్చి సంగతి చెప్పగానే అత్తగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఇంకో భాష నేర్చుకోవాలా? ఉన్న భాషలోనే నీ నోటివెంట మంచిమాట విని ఎన్నాళ్ళయిందో. రెండోది ఎందుకురా?"

"అది మనుషులతో మాట్లాడేది కాదమ్మా. కంప్యూటరుతో."

"పాపం" అన్నారు అత్తగారు. ఎవరి గురించో చెప్పలేదు.

పదో తరగతి చదువుతున్న కూతురు మాత్రం ముఖం చిన్నబుచ్చుకుంది. "నాన్న వెళ్ళిపోతే మనమూ వెళ్ళాలా? మరి నా పరీక్షలు?"

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు" అంది ఇల్లాలు. "మీ నాన్న ఒక భాష నేర్చుకుంటారు. అంతే."

"అంతే!" అన్నారాయన వెటకారంగా. "ముందు ఏ భాషో తేలాలి."

మర్నాడే సబ్బు పొట్లాల కాగితం, అచ్చుతప్పు పడి ఆయనే తిప్పి పంపినది, బారెడు తెచ్చి హాలు గోడకి అంటించారు. దాని వెనకవైపు ఎడమన పదకొండు భాషల పేర్లు, పైన ఇరవై మూడు గళ్ళు. సులువా, గట్టిదా, ఎన్నేళ్ళు మన్నుతుంది, నేర్పేవాళ్ళ మీద నమ్మకం, పుస్తకం అట్ట నాణ్యత. ఆఖరి గడికి పేరు లేదు. అదేమిటని అడిగితే "ఇంకా తట్టలేదు, కానీ ఏదో ఒకటి తడుతుంది" అన్నారు.

ఇల్లాలు తన తమ్ముడికి ఫోన్ చేసి ఇచ్చింది. అతను రోజంతా ప్రోగ్రాములు రాసే ఉద్యోగి.

"బావగారూ, మొదటి భాష ఏదైనా ఒకటే. ఏదో ఒకటి మొదలుపెట్టండి. ఒకటొస్తే రెండోది దానంతటదే వస్తుంది."

"ఏదో ఒకటా? నువ్వు చెప్పులు కూడా ఇలాగే కొంటావా?"

"చెప్పులు కాదు బావగారూ, నడక నేర్చుకోమంటున్నాను."

"చూశావా, ప్రశ్నకి జవాబు చెప్పడు" అని ఫోన్ భార్యకి తిరిగిచ్చేశారు. బావమరిది కూడా తిరుగుటపా.

పట్టికలో మొట్టమొదట కొట్టివేతకి గురైంది పైథాన్. లైబ్రరీలో దొరికిన ఆ భాష పుస్తకం వెనక అట్ట మీద 'ఎవరైనా తేలిగ్గా నేర్చుకోవచ్చు' అని ఉంది. అట్ట తిప్పి చదివారు, ముందుకు తిప్పలేదు.

"తేలిక! ఇరవై రెండేళ్ళలో తేలిగ్గా ఉన్న సరుకుని ఒక్కదాన్నైనా నేను పాస్ చేశానా? తేలిగ్గా ఉందంటే తూకం తక్కువని" అని ఎర్రపెన్నుతో స్కేలు పెట్టి మరీ గీత కొట్టారు.

మిగతావాటిని న్యాయంగా పరీక్షిద్దామని లైబ్రరీ నుంచి ఒక్కొక్క పుస్తకమే తెచ్చారు. ఫ్యాక్టరీలో పెట్టెకో సబ్బు తీసి చూసినట్టు, పుస్తకానికో అధ్యాయం చదివారు. నమూనా అన్నాక మొదటిదే కదా. అన్ని పుస్తకాల్లోనూ మొదటి అధ్యాయం ఒకటే, కంప్యూటరు చేత నమస్కారం చెప్పించడం. ఎనిమిది వారాలు గడిచేసరికి ఆయనకి తొమ్మిది భాషల్లో నమస్కారం పెట్టడం వచ్చింది. పెట్టాక ఏం మాట్లాడాలో ఒక్కదాంట్లోనూ తెలీదు.

"మొత్తం మీద మర్యాదస్థుడయ్యాడు" అన్నారు అత్తగారు.

ఇల్లాలు నవ్వింది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ ఆదివారం అటక మీది సూట్‌కేసు కిందికి దిగి ఉంది. ఆయన దాని జిప్పు పనిచేస్తోందో లేదో చూస్తున్నారు. లోపల అప్పుడే రెండు తువ్వాళ్ళు, ఒక పాత కళ్ళజోడు పెట్టె. తువ్వాళ్ళ మడతలో కూతురి ఫొటో ఒకటి, అంచు కనబడుతోంది.

"ఊరికే చూస్తున్నానోయ్, జిప్పు ఎలా ఉందో" అన్నారు.

జిప్పుకి ఆయన ఏ వంకా పెట్టలేదు. అందుకే ఆవిడకి భయం వేసింది.

అదే రోజు సాయంత్రం ఆయన పథకం ఒకటి బయటపెట్టారు. బట్టలు మడతపెడుతున్న భార్య పక్కన కూర్చుని, తెగ ప్రేమగా ఒక జేబురుమాలు కూడా మడిచారు. వంకరగా మడిచారు.

"చూడు, పుస్తకం చదివితే దాని అసలు రంగు తెలీదు. ఎవరైనా నేర్చుకుంటుంటే పక్కనుంచి గమనించాలి. నువ్వు ఒకటి నేర్చుకో. నేను చూస్తూ మార్కులేస్తాను."

"నేనెందుకు?"

"నువ్వైతే... అంటే... నీకొచ్చిందంటే ఇంకెవరికైనా వచ్చేస్తుందని తేలిపోతుంది కదా."

అత్తగారు పేపరు వెనకాల ముఖం దాచుకున్నారు. కూతురు లేచి వంటింట్లోకి వెళ్ళింది, అక్కడ పనేమీ లేకపోయినా.

ఇల్లాలు చివరి చొక్కా మడిచింది. ఆవిడ డిగ్రీలో లెక్కలు చదివింది. ఆ సంగతి ఆ ఇంట్లో బీరువా మీది ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది.

"అలాగే" అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుంటే తూకం తక్కువని ఆయనకి ఆ పూట ఎందుకో అనుమానం రాలేదు.

మర్నాడు ఆవిడ ఒక పుస్తకం తెచ్చింది. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఉంది. లోపల భాష పేరున్నచోటల్లా చిన్న కాగితప్పట్టీ. కంప్యూటరు తెర పైభాగాన కూడా కూతురు ఒక పట్టీ అంటించింది.

"ఇది ఏ భాష?" అన్నారాయన.

"చెప్పను."

"చెప్పకపోతే మార్కులెలా వేస్తాను?"

"మీ ఫ్యాక్టరీలో మీ బల్ల మీదికొచ్చే నమూనా మీద పేరుంటుందా?"

"ఎందుకుంటుంది? నంబరే ఉంటుంది. పేరు చూస్తే మనసు మొగ్గుతుంది. అది రూలు."

"ఇది ఏడో నంబరు నమూనా."

తన రూలుకి తానే వంక పెట్టలేరు కదా. నమూనా మీది పట్టీ పీకడం ఆయన వృత్తిలో క్షమించరాని నేరం. నాలుగు వారాలూ ఆ పట్టీల జోలికి పోలేదు. ఆ నిజాయితీ మీదే ఆవిడ లెక్కంతా వేసుకుంది.

రోజూ సాయంత్రం ఆవిడ నోట్‌బుక్కులో నాలుగు లైన్లు రాసి, కంప్యూటరులో కొట్టేది. ఆయన వెనక కుర్చీ వేసుకుని, పట్టిక కోసం ఎర్రపెన్ను పట్టుకుని కూర్చునేవారు. మొదటి రోజు పెదవి బిగబట్టుకున్నారు. రెండోరోజు కుర్చీ ముందుకి జరిగింది. మూడోరోజుకి ఇక ఆగలేకపోయారు.

"అక్కడ చివర రెండు చుక్కలు పెట్టలేదు నువ్వు."

"పెట్టాలా?"

"పై లైన్లో పెట్టావు కదా! అదే రకం లైను ఇది. మరి ఈ లైను మూడు ఖాళీలే లోపలికి ఉందేం? దాని పైది నాలుగు."

"ఒక ఖాళీకి ఏమవుతుంది లెండి."

"ఏమవుతుందా!" అని పుస్తకం లాక్కుని వెతికారు. నిజంగానే ఒక్క ఖాళీ తేడా వచ్చినా ఆ భాష ఒప్పుకోదని రాసి ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది. పెళ్ళి ఫొటో ఫ్రేము వెంట్రుకవాసి ఒరిగినా గుర్తుపట్టే కంటికి విలువిచ్చే భాష లోకంలో ఒకటుందని ఆయనకి అప్పుడే తెలిసింది. "వీళ్ళెవరో పద్ధతి తెలిసినవాళ్ళు" అన్నారు.

ఆ మొదటి తప్పులు ఆవిడ నిజంగానే చేసింది. వారం గడిచేసరికి ఆవిడకి తప్పు చేయడం కష్టమైపోయింది. అప్పుడు తట్టింది. ఈ మనిషి ఖాళీ కాగితం ముందు కూర్చుంటే జన్మలో ఒక్క అక్షరం రాయరు. ఎదుటివాళ్ళు రాసినది కనిపిస్తే మాత్రం, దిద్దకుండా అన్నం కూడా తినరు.

ఆ రోజు నుంచి ఆవిడ రోజుకొక తప్పు శ్రద్ధగా వండింది.

సబ్బు ప్రోగ్రామే మొదలుపెట్టింది. "తొంభై అయిదు గ్రాములు గానీ, అంతకంటే తక్కువ గానీ ఉంటే తిరుగుటపా అని రాయాలి. ఎక్కువుంటే పాస్. అంతే కదా?"

"అంతే ఏమిటి అంతే! సరిగ్గా తొంభై అయిదు ఉన్న సబ్బు ఏం పాపం చేసింది? మంచి సబ్బు అది! నీ ప్రోగ్రాము దాన్ని కూడా తిప్పి పంపేస్తోంది."

"అయితే ఏం చెయ్యాలంటారు?"

"ఇలా ఇవ్వు" అని నోట్‌బుక్కు తీసుకుని, ఎర్రపెన్నుతో కొట్టేసి, పక్కన సరైనది రాశారు. రాసి మళ్ళీ చూసుకున్నారు. "సరే, ఎవరైనా బరువు బదులు 'అబ్బా' అని కొడితే?"

"ఎవరు కొడతారండీ?"

"మా సెక్షన్‌లో అందరూ కొడతారు."

దాని కోసం మళ్ళీ నాలుగు పేజీలు ముందుకి చదివారు. ఆవిడ కుర్చీ ఖాళీ చేసి ఇచ్చిన సంగతి, తాను అందులో కూర్చున్న సంగతి ఆయన గమనించలేదు. ఆవిడ పక్కన కూర్చుని టీ తాగింది. చాలా రోజుల తర్వాత వేడిగా తాగింది.

మూడో వారంలో ఉపద్రవం వచ్చింది. ఒక్కో సబ్బుకీ మళ్ళీ మొదలుపెట్టడమేమిటి, వరసపెట్టి ఎన్నయినా తూచేలా చేద్దామన్నారు ఆయన. ఆ లైను ఆవిడ వద్దంటున్నా ఆయనే స్వహస్తాలతో రాశారు. బరువు మళ్ళీ అడగమని చెప్పడం మరిచారు. వంటింటి త్రాసు తెచ్చి, అత్తగారి స్నానపు సబ్బు, వాడి వాడి చీలికైనది, తూచి, ముప్ఫై ఒకటి అని కొట్టారు.

తెర మీద 'తిరుగుటపా' అని పడింది. దాని కింద తిరుగుటపా. దాని కింద తిరుగుటపా. నీళ్ళపంపు విప్పినట్టు తెర నిండా తిరుగుటపా, తిరుగుటపా, ఆగదే!

"ఆపండి, ఆపండి!"

"ఎలా ఆపాలి? నేను ఆపమని రాయలేదు!"

అత్తగారు తడిచేతులతోనే వచ్చారు. "నా సబ్బేదిరా? ఓరి నాయనో, ఇదేమిటి, నీ జీవితచరిత్రా?"

ఆయన కంప్యూటరు మీద తువ్వాలు కప్పారు. ఏం లాభం? తువ్వాలు కింద అది రాస్తూనే ఉంది. కూతురు పరిగెత్తుకొచ్చి రెండు మీటలు నొక్కితే ఆగింది. అప్పటికి ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది. తడిసిన చొక్కాతోనే కూర్చుని, భోజనానికి పిలిచినా లేవకుండా, ఆ తప్పు ఎక్కడుందో పట్టుకుని, దిద్ది, పన్నెండుసార్లు పరీక్షించి మరీ లేచారు.

"ఏడో నంబరు ఎలా ఉందండీ? మార్కులేశారా?" అని అడిగింది ఆవిడ వడ్డిస్తూ.

"పట్టిక సంగతే మరిచిపోయాను" అన్నారు. అంతలోనే ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. "పన్నెండో వారం వచ్చేస్తోంది. నేనింకా భాషే ఎంచుకోలేదు."

ఆ రాత్రి కంచంలో ఏదీ బాగాలేదనలేదు. అత్తగారు, కోడలు ముఖముఖాలు చూసుకున్నారు.

గడువు రోజు పొద్దున ఆయన బదిలీకి ఒప్పుకుంటూ ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నారు. "అక్కడ గది దొరికాక ఫోన్ చేస్తాను. చిన్నదాని పరీక్షలయ్యేదాకా మీరిక్కడే ఉండండి" అన్నారు, చెప్పుల వైపు చూస్తూ.

ఆవిడ ఆయన సంచిలో అన్నం డబ్బా పెట్టింది. డబ్బా కింద నోట్‌బుక్కు పెట్టింది.

"ఇదెందుకు?"

"మేనేజరమ్మ అడిగితే చూపించండి. అడక్కపోతే డబ్బా కింద వేసుకోండి, బల్ల మీద మరక పడకుండా."

ఆ రోజు కూతురు బడికి వెళ్ళనంది, ఇంట్లో ఎవరికీ పని సాగలేదు. అత్తగారు పేపరు తలకిందులుగా పట్టుకున్నారని కూతురు చెప్పేదాకా ఎవరూ చూడలేదు. పదకొండున్నరకి ఫోన్ మోగింది.

"ఏమోయ్!" ఆయన గొంతు గుసగుసగా ఉంది. "మేనేజరమ్మకి ఉత్తరం ఇచ్చాను. ఆవిడ ఉత్తరం చదవకుండా సంచిలోంచి కనబడుతున్న నోట్‌బుక్కు అందుకుంది. ఎర్రసిరాతో ఉన్నదంతా ఎవరు రాశారంది. నేనే అన్నాను. అయితే కంప్యూటరు ముందు కూర్చుని రాయమంది. రాశాను."

"మరి?"

"మరేమిటి, పనిచేసింది!"

ఆవిడ స్టూలు మీద కూర్చుంది.

"ఇంకేం మరి? ఎందుకా గుసగుస?"

"కాగితంలో 'భాష పేరు' అని ఒక గడి ఉంది. ఏడో నంబరు అని రాశాను. అందరూ నవ్వుతున్నారు. చూడగానే ఏ భాషో మేనేజరమ్మకి తెలిసిపోయిందట, కానీ నా నోటితో నేనే చెప్పాలట. అదేమిటో చెప్పవే!"

"పట్టిక నేనే చదువుతా" అని కూతురు హాల్లోకి పరిగెత్తింది. ఇల్లాలు ఫోన్ అటు తిప్పి పట్టుకుంది.

"నాన్నా, మొట్టమొదటి ఎర్రగీత కింద ఉన్నది. స్కేలుతో కొట్టావే, అది. పైథాన్!"



"అది... తూకం తక్కువది కదా?" అన్నారాయన.

"మీ ప్రోగ్రాములోనే వేసి తూచి చూడండి" అంది ఇల్లాలు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి గుమ్మంలోనే ముగ్గురూ నిలబడి ఉన్నారు. ఆయన చెప్పులు విప్పి, తిన్నగా పెట్టి, అప్పుడు చెప్పారు. ఇక్కడే ఉంటున్నారు. మేనేజరమ్మ నలుగురి ప్రోగ్రాముల్లోనూ సరిగ్గా తొంభై అయిదు వేసి చూసింది, తర్వాత 'అబ్బా' అని కొట్టి చూసింది. రెండింటికీ నిలబడ్డది ఆయనది ఒక్కటే. మిగతా ముగ్గురికీ ఇంకో నెల గడువిచ్చి, వాళ్ళకి నేర్పే పని ఆయనకే అప్పగించింది.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళరు" అంది కూతురు, అమ్మ మాటే అమ్మకి అప్పజెబుతూ. అత్తగారు సూట్‌కేసుని కాలితో అటకవైపు నెట్టారు.

ఇల్లాలు టీ తెచ్చింది. ఆయన తాగేశారు. తిప్పి పంపలేదు. కప్పు కింద పెట్టి, సంచిలోంచి నోట్‌బుక్కు తీసి, ఆవిడ ముందు తెరిచి, వేలితో పేజీలు తిప్పుతూ వెళ్ళారు.

"బస్సులో దీన్ని మొదటినుంచీ చూశాను. మొదటి వారం నీ తప్పులు గుంపులుగా ఉన్నాయి. ఒక పేజీలో ఆరు, ఒక పేజీలో ఏమీ లేవు. నిజమైన లోపాలు అలాగే వస్తాయి, ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. రెండో వారం నుంచి రోజుకి ఒకటే తప్పు. అది కూడా ఆ రోజు పాఠంలో ఉన్నదే. ఏ యంత్రమూ ఇంత పద్ధతిగా చెడగొట్టదు. ఇవి పడిన తప్పులు కావు, పెట్టిన తప్పులు."

ఆవిడ కొంగుతో కప్పు అంచు తుడిచింది. "కనిపెట్టడానికి ఇన్నాళ్ళు పట్టిందా, ఇన్‌స్పెక్టరు గారూ?"

ఆయన లేచి హాల్లోకి వెళ్ళారు. పట్టిక ముందు నిలబడి, ఒక కన్ను మూసి, మొదటి ఎర్రగీత వైపు చూశారు. ఎర్రపెన్ను మూత తీశారు, మళ్ళీ పెట్టేశారు. కొట్టేసినదాన్ని కొట్టేయడం ఎలాగో ఆయన ఉద్యోగంలో ఎవరూ నేర్పలేదు. చివరికి కాగితం మొత్తం గోడమీంచి ఊడదీసి, చుట్ట చుట్టి, తెచ్చి ఆవిడ చేతికిచ్చారు.

"నీకొస్తే ఎవరికైనా వస్తుందన్నానే" అన్నారు, గొంతు సవరించుకుని. "నీకొచ్చింది కాబట్టి నాకొచ్చింది. నీ తప్పులన్నీ సరైనవే. తప్పు..."

అక్కడ ఆగారు.

"తప్పు?" అంది ఆవిడ.

"తప్పు నాదే" అన్నారు, నోట్‌బుక్కుకి మాత్రమే వినబడేటట్టు.

పక్కింట్లో చెంచా పడితే ఇక్కడినుంచి చెప్పగల అత్తగారు పేపరు దించి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "ఏమన్నావురా? నాకు ఈమధ్య సరిగ్గా వినబడ్డం లేదు."

ఆయన తల్లివైపు చూశారు, కూతురివైపు చూశారు, నవ్వు ఆపుకోవడానికి కాగితం చుట్ట నోటికి అడ్డం పెట్టుకున్న భార్యవైపు చూశారు. ఇక తిప్పి పంపడానికి దారి ఏదీ లేదు.

"తప్పు నాదే అన్నానమ్మా!" అని వీధిలోకి వినబడేలా అరిచారు.